ఇద్దరు ఉంటే తప్ప పూర్తికాని ఆట

పోకెమాన్ అనే ఊహాజీవులను పట్టి, పెంచి, పోరాడించే వీడియో ఆటల్లో తొలివి నిజంగా గొప్పవా, లేక వాటిని చిన్నప్పుడు ఆడినవారి మమకారం అలా అనిపిస్తోందా అని మీరు అడిగారు. తిరుపతిలో పెరిగి, రెడ్ అనే ఆటతో మొదలుపెట్టి ఇప్పటిదాకా ఆడుతున్నవాణ్ణి కనుక నా అనుభవం చెబుతాను. ఆట పనితనం కాలక్రమంలో మెరుగుపడిందనే నా అభిప్రాయం. అయితే ఒక్కరే కూర్చుని ఈ ఆటను ముగించడం కుదరదన్న తొలినాటి నియమం మాత్రం మెల్లమెల్లగా సడలిపోయింది, నాకు వెలితిగా తోచేది అదే.

కువైట్‌లో పనిచేసే మా మేనమామ ఒక వేసవిలో గేమ్ బాయ్ కలర్ అనే చేతి గేమ్ యంత్రాలు రెండు తెచ్చి, ఒకటి నాకు, ఇంకొకటి చిత్తూరులో ఉండే మా పిన్ని కొడుక్కి ఇచ్చాడు. నాకు రెడ్ ఆట వచ్చింది, వాడికి దాని జోడీ అయిన బ్లూ. ఆ తెరకు సొంత వెలుతురు లేదు కనుక కరెంటు పోయిన రాత్రుళ్ళు ఎమర్జెన్సీ లైటుకు ఆనుకుని కూర్చుని ఆడేవాణ్ణి. ఎదురుపడగానే మాయమైపోయే అబ్రా అనే పోకెమాన్‌ను ఎలాగో పట్టుకుని, 16వ లెవెల్‌లో అది కదాబ్రాగా మారాక, ఎన్ని యుద్ధాలు చేయించినా ఆపైన మారనే లేదు. కేబుల్ గుండా మరొకరి ఆటలోకి పంపితేనే అది అలకజామ్ అవుతుందని తమ్ముడు ఫోన్‌లో చెప్పిన వారానికి, అమ్మను బతిమాలి 70 కిలోమీటర్లు బస్సులో చిత్తూరు వెళ్ళాను. పిన్నివాళ్ళ ఇంటి అరుగు మీద రెండు గేమ్ బాయ్‌లను తీగతో కలిపి, "మళ్ళీ నాకు ఇచ్చేస్తావు కదరా" అని అడిగితే, వాడు "ఇస్తాలే అన్నా, నువ్వు పంపు ముందు" అన్నాడు. నా కదాబ్రా నా తెర మీద నుంచి వెళ్ళిపోయి వాడి తెర మీద అలకజామ్‌గా మారుతుంటే, ఇద్దరం ఒకే తెర మీదికి వంగి చూశాం.

ఇది యాదృచ్ఛికంగా వచ్చిన గుణం కాదు. ఈ ఆటను ఊహించిన సతోషి తజిరి చిన్నతనంలో పురుగులు పట్టి దాచుకున్న మనిషి. గేమ్ బాయ్ కేబుల్‌ను చూసినప్పుడు, దాని గుండా ఒక పురుగు ఇటు నుంచి అటు పాకుతున్నట్టు ఆయనకు తోచింది. తొలకరికి ఆరుద్ర పురుగులను అగ్గిపెట్టెల్లో వేసుకుని, నీవెన్ని, నావెన్ని అని లెక్కపెట్టుకున్న మన పిల్లలకు ఆ ఊహను విడమరిచి చెప్పనక్కరలేదు. 1996 ఫిబ్రవరిలో జపాన్‌లో రెడ్, గ్రీన్ అనే రెండు రూపాల్లో ఆట విడుదల కావడానికి కారణం కూడా అదే. మా ఇద్దరి రెడ్, బ్లూ ఆటల్లోనూ అంతే, నాకు దొరికే గ్రోలిత్ అనే పోకెమాన్ వాడికి దొరకదు, వాడికి దొరికే మియోత్ నాకు దొరకదు.

మమకారం కళ్ళు కప్పకుండా చూస్తే తొలి ఆటల్లో లోపాలు చాలానే ఉన్నాయి. సంచిలో 20 రకాల వస్తువులకే చోటు, పట్టిన పోకెమాన్‌లను దాచే పెట్టె నిండితే మనమే వెళ్ళి మార్చుకుంటే తప్ప కొత్తది పట్టలేము. పోకెమాన్‌ల రకాల్లో అలకజామ్‌ది అయిన సైకిక్ (మనోశక్తి) రకానికి ఎదురే లేదు; దాన్ని దెబ్బతీయవలసిన ఘోస్ట్ (దెయ్యం) రకం దాడి, ప్రోగ్రాములోని పొరపాటు వల్ల అసలు తగిలేదే కాదు. నా అలకజామ్ అంత సులువుగా గెలవడంలో నా ప్రతిభ కన్నా ఈ అసమతూకం పాలే ఎక్కువని తర్వాత గ్రహించాను.

1999లో వచ్చిన గోల్డ్, సిల్వర్ వీటిని చక్కదిద్దిన తీరు నాకు ఇప్పటికీ ఆదర్శంగా కనిపిస్తుంది. డార్క్, స్టీల్ రకాలు చేర్చి సైకిక్ జోరు తగ్గించారు, కొత్తగా 100 పోకెమాన్‌లు వచ్చి మొత్తం 251 అయ్యాయి, ఆటలోని గడియారం ప్రకారం రాత్రి తిరిగేవి రాత్రే కనిపించేవి. అన్నిటికన్నా ముఖ్యంగా పాత ఆటలతో మార్పిడి కొనసాగింది. 2002 నాటి రూబీ, సఫైర్‌లలో ఆ దారి మూసుకుపోవడంతో, చిత్తూరు వెళ్ళి సంపాదించుకున్న నా అలకజామ్ గోల్డ్‌లోనే ఉండిపోయింది. ఆ ఆటల్లోని స్వభావాలు, సహజ సామర్థ్యాలు ఎంత మంచి చేర్పులైనా, ఆ బాధతో చాలాకాలం వాటిని మెచ్చుకోలేకపోయాను.

యుద్ధం దృష్టితో చూస్తే 2006 నాటి డైమండ్, పెర్ల్‌లదే పెద్ద అడుగు. అంతకుముందు ఒక దాడి దేహబలంతో చేసేదా, ప్రత్యేక శక్తితో చేసేదా అన్నది దాని రకాన్ని బట్టి ఉండేది కనుక, ప్రత్యేక శక్తి దండిగా ఉన్న గెంగార్ అనే పోకెమాన్‌కు తన సొంత ఘోస్ట్ దాడులే కొరగాకుండా పోయేవి. ఈ నిర్ణయాన్ని ఒక్కొక్క దాడికి విడివిడిగా ఇవ్వడంతో ఎన్నో పోకెమాన్‌లకు కొత్త ప్రాణం వచ్చింది. ఇంటర్నెట్ మార్పిడి కూడా అప్పుడే మొదలైంది. చుట్టుపక్కల ఈ ఆట ఆడేవారే లేని పిల్లవాడికి అది వరమే, కాదనను. కానీ నేను నిద్రలేచేసరికి నా పోకెమాన్ ఎవరో తెలియని మనిషికి చేరిపోయి ఉండేది.

2013 నాటి ఎక్స్, వైలలో వచ్చిన త్రీడీ రూపాలు బాగున్నాయి. 2019లో స్వోర్డ్, షీల్డ్‌లు అన్ని పోకెమాన్‌లనూ అనుమతించకపోవడం మీద పెద్ద వివాదమే నడిచింది, నేను అసంతృప్తి చెందినవారి పక్షమే. 2022 నవంబరులో వచ్చిన స్కార్లెట్, వయొలెట్‌లలో నలుగురు ఒకే లోకంలో కలిసి తిరగవచ్చు. కలిసి ఆడటం అక్కడ సరదాగా ఉంది, అయితే అవసరంగా లేదు.

అదే ఏడాది జనవరిలో వచ్చిన లెజెండ్స్ ఆర్సియస్‌లో లింకింగ్ కార్డ్ అనే వస్తువు ఉంది. పాత కేబుల్‌ను గుర్తుచేసే ఆ వస్తువును కదాబ్రా మీద వాడితే ఎవరి తోడూ లేకుండానే అలకజామ్ అవుతుంది. అది నా సంచిలో చేరినా నేను వాడలేదు. మే నెలలో గంగమ్మ జాతరకు తమ్ముడు తిరుపతి వచ్చినప్పుడు ఈ ఆట ఆడే తన స్విచ్ యంత్రాన్ని వెంట తెచ్చుకున్నాడు. మా మేడ మీద కూర్చుని కదాబ్రాను వాడికి పంపాను, వాడు తిరిగి పంపేదాకా ఆగాను.