స్టైన్‌బెక్: పుస్తకం ముందా, సినిమా ముందా?

ప్రశ్న: మేం ఆరుగురం ఆదివారాలు కలిసి ఒక్కో రచయితను చదువుకుంటాం. ఈసారి జాన్ స్టైన్‌బెక్. ‘ది గ్రేప్స్ ఆఫ్ రాత్’ సినిమా ఆశతో ముగిసిందని చూసినవాళ్లు, కాదని నవల చదివినవాళ్లు వాదులాడుకుంటున్నారు. ఎవరిది నిజం? మిగతావి ఏ వరుసలో పట్టుకోవాలి?
– ఒక పాఠకురాలు, సీతమ్మధార, విశాఖపట్నం

జవాబు: ఇద్దరిదీ నిజమేనండీ. పొలాలు పోయి, పొట్ట చేతపట్టుకుని ఓక్లహామా నుంచి కాలిఫోర్నియాకు వలసపోయిన జోడ్ కుటుంబం కథ ఇది. 1939 నాటి నవలలో వాళ్లకు ముందు ప్రభుత్వ శిబిరంలో కాస్త ఊపిరి దొరుకుతుంది. పీచ్ పండ్ల తోటలో సమ్మె, హత్య, ఆపైన వరద, చనిపోయి పుట్టిన బిడ్డ, అన్నీ ఆ తరువాతే. చివరికి ఆ బాలింత, ఆకలితో ప్రాణం పోతున్న ఓ పరాయి మనిషికి తన పాలు పడుతుంది. జాన్ ఫోర్డ్ 1940లో తీసిన సినిమా ఈ వరుసను తిరగేసింది. తోటలో గొడవ ముందు, శిబిరం తరువాత. అందుకే నవల కిందికి దిగుతూ పోతే, సినిమా పైకి లేస్తుంది. పాలు పట్టే దృశ్యం అప్పటి హాలీవుడ్ నియమాల్లో తెరకెక్కే వీలే లేదు.

అలాగని సినిమాను తక్కువ చేయకండి. ఇల్లు వదిలే ముందు జోడ్‌ల తల్లి పాత ఉత్తరాలు పొయ్యిలో వేస్తూ, చెవిపోగులు రెండూ చెవుల దగ్గర పెట్టి చూసుకుంటుంది. ఒక్క మాట ఉండదు. జేన్ డార్వెల్‌కు ఆస్కార్ తెచ్చిన పాత్ర అది.

మొదట ‘ఆఫ్ మైస్ అండ్ మెన్’ చదవండి. ఆరే అధ్యాయాలు. నాటకంగా ఆడేందుకు వీలుగా రాశాడు, అచ్చయిన 1937లోనే రంగస్థలమెక్కింది. అందుకే 1939, 1992 సినిమాలు రెండూ పుస్తకానికి దగ్గరగా ఉంటాయి. తరువాత ‘గ్రేప్స్’. జోడ్‌ల ఊసే లేని అధ్యాయాలు మధ్యమధ్య వస్తాయి, వాటిని దాటేయకండి. మూడో అధ్యాయంలో రోడ్డు దాటే తాబేలు ఒక్కటి చాలు, ముందున్న ప్రయాణమంతా కనిపిస్తుంది. సంభాషణలు అక్కడి యాసలో ఉంటాయి కాబట్టి గొంతెత్తి చదవండి. మన ఉత్తరాంధ్ర యాస అచ్చులో చూసి తడబడినా, చెవిన పడితే ఇట్టే తెలిసిపోతుంది కదా, అలాగే.

‘ఈస్ట్ ఆఫ్ ఈడెన్’ మాత్రం తప్పకుండా చదివాకే చూడండి. ఎలియా కజాన్ 1955 సినిమా నాలుగు భాగాల నవలలో చివరి భాగం కథే తీసుకుంది. నవలకు ప్రాణంలాంటి వంటమనిషి లీ అందులో లేనే లేడు.