గోలలో మాటలు గుర్తుపట్టే పరీక్ష ఫలితం రెండుసార్లు ఒకేలా ఎందుకు రాదు?

విజయనగరంలో మీ అమ్మగారికి గోల మధ్య మాటలు గుర్తుపట్టే పరీక్ష చేయిస్తే మొదట 60 శాతం, నెల తర్వాత 80 శాతం వచ్చిందని, వినికిడి మెరుగుపడినట్టేనా అని అడిగారు. అప్పుడే అలా అనుకోకండి.

ముందుగా, పరీక్షలో వినిపించిన జాబితాలో ఎన్ని పదాలున్నాయో కనుక్కోండి. పదే అయితే ఒక్కో పదం విలువ 10 శాతం. నిజంగా 70 శాతం గుర్తుపట్టగల మనిషికి ఒకరోజు ఆరు, మరొక రోజు ఎనిమిది రావడం మామూలే. 50 పదాలు పెడితే ఈ ఊగిసలాట సగానికన్నా తక్కువకు పడిపోతుంది. కొద్ది పదాలతో, కొద్దిమందితో చేసిన పరిశోధనల ఫలితాలు మరోచోట తిరిగి రాకపోవడానికి ఇదొక పెద్ద కారణం.

పైగా గోలలో వినడం చెవి పని మాత్రమే కాదు. సగం వినబడిన మాటను జ్ఞాపకం, ఏకాగ్రత పూరిస్తాయి. రెండోసారికి పరీక్ష తీరు అలవాటవుతుంది, అవే పదాలైతే మరీను. గంటస్తంభం దగ్గరి సందడిలో బేరమాడే ఆమెకు ఎన్నడూ వాడని పుస్తకాల పదాలు వినిపిస్తే, తప్పు చెవిదా, పదాలదా? నన్ను అన్నిటికన్నా బాధించేది ఇదే.

అదే గదిలో, అదే గోల స్థాయిలో, ఆమెకు తెలిసిన పదాలున్న పొడవైన కొత్త జాబితాతో మరోసారి చేయమని అడగండి.