కుండీ అడుగున తెల్లటి పిండి

ప్రశ్న: జేడ్ మొక్క ఆకులు ముడతలు పడ్డాయి. నీళ్లు పెంచినా తేరుకోలేదు. తీసి చూస్తే వేళ్లకూ కుండీ లోపలి గోడకూ తెల్లటి పిండి అంటుకుని ఉంది. వేపనూనె నీళ్లు రెండుసార్లు పోసినా తగ్గలేదు. – ఓ పాఠకురాలు, విజయవాడ

జవాబు: మీరు చెప్పినదాన్ని బట్టి అది వేరు పిండినల్లి. బూజు కాదని తేల్చుకోవడానికి కొంచెం పిండిని నల్లటి కాగితం మీద దులిపి భూతద్దంతో చూడండి. బియ్యపు నూకకంటే చిన్న పురుగులు నెమ్మదిగా కదులుతాయి. మట్టిలో పెర్లైట్ (మట్టి గుల్లగా ఉండటానికి కలిపే తెల్లటి తేలికైన పలుకులు) కలిపి ఉంటే దాన్ని చూసి కంగారు పడకండి, అది నలిపితే పొడి అవుతుంది.

పురుగు వేళ్ల రసం పీలుస్తుంది కాబట్టి మొక్కకు నీరందదు. అది దాహమనుకుని ఇంకా నీళ్లు పోస్తే మిగిలిన వేళ్లు కుళ్లుతాయి. వేపనూనె పని చేయకపోవడానికీ కారణముంది. పురుగు ఒంటిమీది మైనం నీటిని అంటనివ్వదు. పైగా ఎండిన వేరుముద్ద మీద పోసిన నీళ్లు కుండీ గోడవెంట జారి పళ్లెంలోకి వెళ్లిపోతాయి.

మొక్కను పూర్తిగా పెకలించండి. పాత మట్టినంతా కవర్లో మూటగట్టి పారేయండి, కంపోస్టులో కలపొద్దు. వేళ్లను కుళాయి ధారకింద కడిగి, మెత్తబడినవి కత్తిరించండి. తర్వాత వేళ్ల భాగాన్ని మాత్రమే 46–49 డిగ్రీల వేడినీళ్లలో 10–15 నిమిషాలు ఉంచండి. థర్మామీటర్ లేకుండా ఈ పని వద్దు: 50 దాటితే వేళ్లు ఉడుకుతాయి, తక్కువైతే పురుగు బతుకుతుంది. అది కుదరకపోతే 5 మి.లీ. వేపనూనెను 2 మి.లీ. లిక్విడ్ సోపుతో ముందు గిలకొట్టి, లీటరు నీటిలో కలిపి, వేళ్లు ముంచి కడగండి.

జేడ్‌ను రెండు మూడు రోజులు నీడలో ఆరబెట్టి కొత్త మట్టిలో నాటండి. వారం దాకా నీళ్లు వద్దు. ప్లాస్టిక్ కుండీని వేడి సబ్బునీళ్లతో తోమితే చాలు. మట్టి కుండీ సన్నటి రంధ్రాల్లో గుడ్లు దాగుతాయి, దానిమీద మరిగే నీళ్లు పోయాలి. మూడు వారాలకు మళ్లీ వేళ్లు చూడండి.

పక్క కుండీలనూ వదలొద్దు. పిల్ల పురుగులు అడుగు రంధ్రాల్లోంచి, ఉమ్మడి పళ్లెంలోని నీటిద్వారా పాకుతాయి. చీమలూ మోసుకెళ్తాయి. పెకలించలేని పెద్ద మొక్కకైతే ఇమిడాక్లోప్రిడ్ 17.8 ఎస్‌ఎల్ అనే పురుగుమందును లీటరు నీటికి అర మి.లీ. కలిపి, తడిగా ఉన్న మట్టిలో పోయొచ్చు. తులసి, కరివేపాకు వంటి తినేవాటికి, తేనెటీగలు వాలే పూలమొక్కలకు ఇది పనికిరాదు.

ప్రశ్న: మనీప్లాంట్ చుట్టూ నల్లటి చిన్న ఈగలు. పసుపు నీళ్లు పోయమంటున్నారు. – ఓ పాఠకుడు, వరంగల్

జవాబు: పసుపును వంటింట్లోనే ఉంచండి. ఈ ఈగలు ఎప్పుడూ తడిగా ఉండే కోకోపీట్‌లో (కొబ్బరిపీచు పొట్టులో) గుడ్లు పెడతాయి. పచ్చి బంగాళాదుంప ముక్కను మట్టిపై బోర్లించి, రెండు రోజులయ్యాక ఎత్తి చూడండి. నల్లటి తలతో గాజులాంటి పురుగులు కనిపిస్తే అవి ఈ ఈగల పిల్లలే. పై రెండంగుళాలు ఎండేదాకా నీళ్లు ఆపండి, పసుపు రంగు జిగురు అట్టలు పెట్టండి. గుడ్డు నుంచి ఈగ దాకా మూడు నాలుగు వారాలు పడుతుంది, కాబట్టి అట్టలు కనీసం నెలపాటు ఉండాలి.

ప్రశ్న: కుండీలోని టమాటా వేళ్లకు బుడిపెలున్నాయి. మట్టి మళ్లీ వాడొచ్చా? – ఓ పాఠకురాలు, కర్నూలు

జవాబు: అవి మట్టిలోని నులిపురుగుల (నెమటోడ్ల) వల్ల వచ్చిన బుడిపెలు. అలాగే వాడొద్దు. మే నెలలో మట్టిని తడిపి, పలుచగా పరిచి, పారదర్శక పాలిథిన్ కప్పి అంచులు మూసి, నాలుగు నుంచి ఆరు వారాలు ఎండలో ఉంచండి. నల్ల కవరు వద్దు, అడుగుదాకా వేడి దిగదు.