సెరాపులకూ సర్పాలకూ చుట్టరికం ఉందా?

సందేహం: దేవుని సింహాసనం దగ్గరుండే గొప్ప దూతలను తెలుగు బైబిల్లో 'సెరాపులు' అన్నారు. కొందరు 'సెరాఫిములు' అంటున్నారు. ఏది సరైనది? ఈ మాట మన 'సర్పం' నుంచి వచ్చిందంటే నమ్మవచ్చా?

సమాధానం: సర్పం నుంచి రాలేదు. సర్పం సంస్కృతం. 'సృప్' అంటే పాకడం, పాకేది సర్పం. ఇంగ్లీషు 'సర్పెంట్' దీనికి దాయాది. సెరాపు హీబ్రూ మాట. అక్కడ 'సారఫ్' అంటే కాల్చడం. సెరాపు అంటే మండేవాడు, మండించేవాడు అని చెప్పుకోవచ్చు. యెషయా 6వ అధ్యాయంలో ఒక సెరాపు బలిపీఠం మీది నిప్పును కారుతో తీసి తెచ్చి ప్రవక్త పెదవులకు తాకిస్తాడు. (కారంటే పట్టకారు. ఇప్పటి పిల్లలకు ఈ మాట విడమరిచి చెప్పాలి.) పేరులోని మంట అక్కడ కళ్లకు కడుతుంది.

అలాగని మీకు వచ్చిన అనుమానం వట్టిది కాదు. సంఖ్యాకాండం 21వ అధ్యాయంలో ఇశ్రాయేలీయులను కరిచిన పాములకు కూడా హీబ్రూలో ఇదే మాట వాడారు, కాటు మంట పుట్టిస్తుంది కాబట్టి. మన అనువాదకులు అక్కడ 'తాపకరములైన సర్పములు' అన్నారు. ఎంత చక్కటి మాట! కానీ యెషయా దగ్గర హీబ్రూ మాటనే ఉంచేశారు. దాంతో రెండుచోట్లా ఉన్నది ఒకే మాటని తెలుగు పాఠకుడికి తెలిసే వీల్లేకుండా పోయింది. క్రీ.పూ. 8వ శతాబ్దపు యూదా రాజ్యపు ముద్రల మీద రెక్కల నాగుపాములు కనిపిస్తాయి. యెషయా చూసిన సెరాపులదీ ఆ రూపమేనని కొందరు పండితుల అభిప్రాయం. ముఖం, కాళ్లు, చేయి ఉన్నట్టు అదే అధ్యాయం చెబుతోంది కనుక నేనంత దూరం వెళ్లను. దూతల తొమ్మిది తరగతుల్లో వీళ్లను అన్నిటికన్నా పైన నిలిపింది తర్వాతి క్రైస్తవ సంప్రదాయం.

ఇక బహువచనం. 'సెరాఫిం'లోని 'ఇం' హీబ్రూ బహువచన ప్రత్యయం. దానికి మళ్లీ 'లు' చేర్చడం 'ఏనుగులులు' అన్నట్టే. 1611 నాటి ఇంగ్లీషు బైబిలు కూడా 'సెరాఫిమ్స్' అని ఇదే పొరపాటు చేసింది. 'ప' ఏమిటి, 'ఫ' ఉండాలి కదా అని టెన్షన్ పడనక్కర్లేదు. హీబ్రూలో ఆ రెండు ధ్వనులకూ అక్షరం ఒకటే. ఒకరైతే సెరాపు, పలువురైతే సెరాపులు. బైబిల్లోని మరో రకం దూతలైన కెరూబు, కెరూబులు కూడా ఇంతే.