పాపను స్లీప్‌అవే క్యాంపుకు పంపాలా, ఆ డబ్బు 529లో వేయాలా?

ప్రశ్న: మేం డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటాం. ఇద్దరం ఉద్యోగస్తులమే. పదేళ్ల మా పాప ఈ వేసవిలో స్నేహితురాలితో కలిసి నాలుగు వారాల స్లీప్‌అవే క్యాంపుకు (రాత్రిళ్లూ అక్కడే ఉండే క్యాంపు) వెళ్తానంటోంది. ఫీజు 6,200 డాలర్లు, రెండు వారాలకైతే 3,200. మావారు ఆ డబ్బు పాప 529 ప్లాన్‌లో, అంటే చదువు కోసం దాచే పొదుపు ఖాతాలో వేద్దామంటారు. మా అత్తగారు గుంటూరు పంపించమంటారు. క్రెడిట్ కార్డు మీద 4,500 బాకీ ఉంది, వడ్డీ 24 శాతం. మార్చిలో పన్ను పోను 8,000 దాకా బోనస్ వస్తుంది. ఏం చేయమంటారు?

జవాబు: పంపించండమ్మా, కాకపోతే రెండు వారాలకే. ముందు కార్డు బాకీ తీర్చేయండి. దానికి నెలకు దగ్గర దగ్గర 90 డాలర్లు వడ్డీకే పోతోంది. బోనస్‌లో 4,500 అటు పోతే 3,500 మిగులుతుంది. అందులో క్యాంపు ఫీజు కట్టేయొచ్చు, పైన 300 బూట్లకీ దుప్పట్లకీ సరిపోతుంది. నాలుగు వారాలంటే మళ్లీ కార్డు గీకాలి, అది మాత్రం వద్దు.

మీవారి మాటలో న్యాయముంది. 3,200 ఇప్పుడు 529లో వేసి, ఏటా 6 శాతం పెరుగుతుందనుకుంటే ఎనిమిదేళ్లకు 5,100 అవుతుంది. తీసిపారేసే మొత్తం కాదు. కానీ దాన్ని వేరే దారిలోనూ సమకూర్చుకోవచ్చు. కార్డుకు ఇన్నాళ్లూ నెలనెలా కడుతున్న సొమ్మును ఏప్రిల్ నుంచి 529కి మళ్లించండి. పదేళ్ల వయసును మాత్రం తర్వాత కొనుక్కోలేం. ఒక్క జాగ్రత్త: క్యాంపు ఫీజు కోసం 529లోంచి డబ్బు తీయకండి. అది చదువు ఖర్చు కింద లెక్కకు రాదు. వచ్చిన లాభం మీద పన్నూ పడుతుంది, 10 శాతం పెనాల్టీ కూడా.

చాలామంది పొరబడే సంగతి ఇంకోటుంది. మీ ఆఫీసులో డిపెండెంట్ కేర్ ఎఫ్‌ఎస్‌ఏ (పన్ను పడకముందే జీతంలోంచి పిల్లల సంరక్షణకు పక్కన పెట్టే ఖాతా) ఉంటే, సాయంత్రానికి ఇంటికొచ్చే డే క్యాంపు ఫీజు అందులోంచి పన్ను లేకుండా కట్టుకోవచ్చు. 2026 నుంచి కుటుంబానికి 7,500 డాలర్ల దాకా పెట్టుకోవచ్చు, పిల్లలకు పదమూడేళ్లు నిండేవరకూ. రాత్రిళ్లు ఉండే క్యాంపుకు మాత్రం పన్నుల శాఖ ఐఆర్‌ఎస్ ఒప్పుకోదు, పిల్లల సంరక్షణ ఖర్చుకు పన్నులో తగ్గించే చైల్డ్ కేర్ క్రెడిట్‌కూ అదే రూలు. అయినా 3,200 మొత్తం అదనపు ఖర్చు అనుకోకండి. మీరిద్దరూ ఆఫీసుకెళ్తారు కాబట్టి ఆ రెండు వారాలూ పాపను ఎలాగూ డే క్యాంపులో దించాలి. వారానికి 350 చొప్పున 700, పన్ను మిగులు తీసేస్తే చేతినుంచి పోయేది 500 లోపు. అంటే అసలు తేడా 2,700.

ఆ 2,700కు ఏమొస్తుంది? కయాకింగ్, విలువిద్య ఫ్రిస్కోలోనూ నేర్పిస్తారు. నా దృష్టిలో విలువంతా అమ్మానాన్నలు లేని రోజుల్లో ఉంది. ఎనిమిది మంది పిల్లలున్న క్యాబిన్‌లో పై బంకు కోసం గొడవైతే తనే తేల్చుకోవాలి. తడిసిన తువ్వాలు తనే ఆరేసుకోవాలి. మాంసం తినని పిల్లయితే భోజనాల దగ్గర నోరు తెరిచి అడగాలి. చాలా క్యాంపుల్లో ఫోన్ ఉండదు. స్టాంపులు అంటించి మీ అడ్రసు రాసిన కవర్లు నాలుగు పెట్టెలో పెట్టండి, ఉత్తరం రాస్తుంది. మొదటిదాంట్లో 'నన్ను తీసుకెళ్లండి' అని ఉంటే కంగారుపడి కారు తీయకండి. అది మీకు చేరేసరికి తను ఈత సరదాలో పడి ఉంటుంది. పద్దెనిమిదేళ్లకు కాలేజీ డార్మ్‌లో దించేనాటికి ఈ బెంగ ఒకసారి దాటిన పిల్లగా వెళ్తుంది. నచ్చితే పదిహేను, పదహారేళ్లకు అదే క్యాంపులో కౌన్సెలర్ శిక్షణకు, ఆ తర్వాత జీతానికి వెళ్లే పిల్లలూ ఉన్నారు.

మీ అత్తగారి మాటా కొట్టిపారేయకండి. తెలుగు, చుట్టాలు, నానమ్మ ఒడి ఏ క్యాంపూ ఇవ్వదు. కాకపోతే అక్కడ అన్నం కలిపి నోట్లో పెట్టేవాళ్లుంటారు. రెండూ వేరువేరు అవసరాలు. గుంటూరు వచ్చే వేసవికి పెట్టుకుని, టికెట్ల కోసం ఇప్పట్నుంచే కొంత పక్కన పెట్టండి.

డబ్బు కంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. 2025 జూలై 4న టెక్సస్‌లో గ్వాడలూప్ నది వరదలో క్యాంప్ మిస్టిక్ అనే ఆడపిల్లల క్యాంపులో 27 మంది పిల్లలు, కౌన్సెలర్లు చనిపోయారు. ఆ తర్వాత టెక్సస్ చట్టం మార్చి, ముంపు ప్రాంతంలో క్యాబిన్లున్న క్యాంపుకు లైసెన్సు ఇవ్వకూడదంది. మీ క్యాంపుకు ఫోన్ చేసి, క్యాబిన్లు నదికి ఎంత దూరం, రాత్రిపూట హెచ్చరిక వస్తే పిల్లల్ని ఎవరు ఎక్కడికి తీసుకెళ్తారు అని అడగండి. లైసెన్సు, అమెరికన్ క్యాంప్ అసోసియేషన్ గుర్తింపు చూడండి. తొమ్మిది నుంచి పద్నాలుగేళ్ల పిల్లలు ఎనిమిది మందికి ఒక పెద్ద ఉండాలన్నది వాళ్ల ప్రమాణం. జవాబు నసిగితే అడ్వాన్సు కట్టొద్దు.

3,200 కూడా బరువనిపిస్తే 4-హెచ్, వైఎంసీఏ లాంటి సంస్థలు నడిపే క్యాంపులు చూడండి. ఒక్క వారం పంపినా చాలు, పాపకు అందేది ఇదే. క్యాంపర్‌షిప్ పేరుతో ఫీజులో సాయం చేసేవీ చాలా ఉన్నాయి, మొహమాటపడకుండా అడగండి. అడ్వాన్సు ఏ తేదీలోపు రద్దు చేసుకుంటే వెనక్కిస్తారో ఈమెయిల్‌లో రాయించుకోండి. బోనస్ చేతికొచ్చే రోజు ఆ తేదీ కంటే ముందు ఉండేలా చూసుకోండి.