మాట ఎక్కడ జారింది? వీడియో ఫైళ్లలో టైమ్‌స్టాంపుల గురించి పాఠకుల ప్రశ్నలు

నెల్లూరు, ప్రకాశం జిల్లాల నుంచి ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ వీడియోగ్రాఫర్లవీ కెమెరాలు పెట్టుకున్నవాళ్లవీ. జవాబులకు ముందు ఒక్క విషయం. ఎంపీ4, ఎంకేవీ, టీఎస్ అనేవి కంటెయినర్లు. బొమ్మనూ శబ్దాన్నీ కుదించే పని కోడెక్‌ది. ఏ ఫ్రేము ఏ క్షణాన తెర మీదికి రావాలో రాసిపెట్టే పని కంటెయినర్‌ది. ఆ రాతే టైమ్‌స్టాంపు. అది పూర్ణాంకాల్లోనే ఉంటుంది, ఒక అంకె ఎంత కాలానికి సమానమో ఫార్మాట్‌ను బట్టి మారుతుంది. తేడా కనిపించగానే ఫైలును మళ్లీ మళ్లీ కన్వర్ట్ చేయకండి. తేడా ఎంతుందో ముందు కొలవండి. కారణం ఆ కొలతలోనే దొరుకుతుంది.

ప్ర: రొట్టెల పండుగ లైవ్‌ను ఓబీఎస్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో సెకనుకు 30 ఫ్రేములతో ఎంకేవీగా రికార్డు చేసి, ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే కన్వర్టర్‌తో ఎంపీ4లోకి మార్చాం. ఫైలు వివరాలు చూపే మీడియాఇన్ఫో ఫ్రేమ్ రేటు ‘వేరియబుల్’ (మారుతూ ఉంది) అని, కనిష్ఠం 29.412, గరిష్ఠం 30.303 అని చూపిస్తోంది. ఫైలు పాడైనట్టేనా? పెదవులకూ మాటకూ తేడా వస్తుందా?
— కేబుల్ ఛానల్ ఆపరేటర్, నెల్లూరు

జ: పాడవలేదు. ఆ రెండు అంకెలే అసలు సంగతి చెబుతున్నాయి. 34 మిల్లీసెకన్లకు ఒక ఫ్రేము చొప్పున లెక్కేస్తే సెకనుకు 29.412, 33కి ఒకటి చొప్పున అయితే 30.303. అంటే మీ ఫైల్లో ఫ్రేముల మధ్య దూరం ఒకసారి 33, ఒకసారి 34 మిల్లీసెకన్లుగా ఉంది.

ఎంకేవీలో కాలానికి మూలమానం నానోసెకను. దాని మీద టైమ్‌స్టాంప్ స్కేల్ అనే గుణకం ఉంటుంది, మామూలుగా అది 10,00,000. కాబట్టి ఒక అంకె అంటే ఒక మిల్లీసెకను. 30 ఫ్రేములకు అసలు దూరం 33.333... మిల్లీసెకన్లు. అది పూర్ణాంకంలో ఇమడదు కనుక ఫ్రేములు 0, 33, 67, 100, 133, 167 దగ్గర నమోదవుతాయి. ప్రతి ఫ్రేమునూ దాని అసలు కాలం నుంచే దగ్గరి అంకెకు సర్దుతారు గనుక ఏ ఫ్రేమూ అర మిల్లీసెకను మించి తప్పదు, గంట గడిచినా తప్పు పెరగదు. ధ్వని ముందొచ్చినప్పుడు సుమారు 45 మిల్లీసెకన్లకు, ఆలస్యమైనప్పుడు సుమారు 125కు మనిషి పసిగడతాడని అంతర్జాతీయ టెలికాం సంస్థ ఐటీయూ సిఫారసు బీటీ.1359 చెబుతుంది. అర మిల్లీసెకను దాని ముందు లెక్కలోకి రాదు.

అసలు ప్రమాదం వేరే చోట ఉంది. ఏదైనా సాఫ్ట్‌వేర్ ‘ఫ్రేముకు 33’ అని తీసుకుని దాన్నే కూడుకుంటూ పోతే, ఒక్కో ఫ్రేముకు మూడో వంతు మిల్లీసెకను పోతుంది. గంటకు 1,08,000 ఫ్రేములు, అంటే 36 సెకన్ల నష్టం. తేడా గంటకు అర నిమిషం దాటితే ఈ కూడికనే అనుమానించాలి.

ఎంపీ4 పద్ధతి ఇంకోలా ఉంటుంది. ప్రతి ట్రాకుకూ ‘సెకనును ఎన్ని భాగాలు చేయాలి’ అనే టైమ్‌స్కేల్ వేరుగా ఉంటుంది. 30 ఫ్రేములకు 15,360 పెడితే ఫ్రేముకు కచ్చితంగా 512 భాగాలు, శేషం లేదు. 29.97కు 30,000 పెట్టి ఫ్రేముకు 1001 ఇస్తారు, అదీ కచ్చితమే. ఎంకేవీ నుంచి తెచ్చేటప్పుడు మాత్రం ఎఫ్ఎఫ్ఎంపెగ్ మామూలుగా 16,000 టైమ్‌స్కేల్ ఎంచుకుంటుంది. 33 మిల్లీసెకన్లు 528 అవుతుంది, 34 అయితే 544. ఒకసారి మిల్లీసెకనుకు సర్దిన అంకెను ఎంత సన్నటి కొలతలో రాసినా పోయిన భిన్నం తిరిగి రాదు. టైమ్‌స్కేల్‌ను చేత్తో 30,000కు మార్చినా అంతే, 990, 1020 అని రాసుకుంటుంది. ఫ్రేముల నిడివి పట్టిక కూడా ఉబ్బుతుంది. అన్ని ఫ్రేములూ సమానమైతే ఒక్క వరుస చాలు. ఇలా 33, 34 మారుతుంటే గంటకు 72,000 వరుసలు, వరుసకు 8 బైట్లు.

ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ సణగకుండా తీసుకుంటే ఫైలును అలాగే వాడండి. సణిగితే మళ్లీ ఎన్‌కోడ్ చేయనక్కర్లేదు. ఎంకేవీఎక్స్‌ట్రాక్ట్ అనే టూల్‌తో వీడియో ట్రాకునూ ఆడియో ట్రాకునూ విడిగా తీసి, ఎంపీ4బాక్స్ అనే టూల్‌లో వీడియోకు ఫ్రేమ్ రేటు 30 అని చెప్పి రెంటినీ కలపండి. దానికి ముందు మొత్తం ఫ్రేముల సంఖ్య, సెకన్లలో నిడివిని 30తో గుణించినదానికి సరిపోతుందో లేదో చూడండి. ఎన్‌కోడర్ తట్టుకోలేక మధ్యలో ఫ్రేములు వదిలేసి ఉంటే ఈ పద్ధతి పనికిరాదు, వదిలిన చోటి నుంచి ధ్వని జారుతుంది.

వచ్చే పండుగకైతే ఓబీఎస్‌లో ఫ్రేమ్ రేటు 25 గానీ 50 గానీ పెట్టండి. 40, 20 మిల్లీసెకన్లు మిల్లీసెకను కొలతలో సరిగ్గా ఇముడుతాయి. పైగా మన కరెంటు 50 హెర్ట్జ్. దర్గా దగ్గర రాత్రి లైట్ల కింద 30 ఫ్రేముల వీడియోలో కనిపించే మిణుకు, షట్టర్ 1/50 పెట్టుకుంటే చాలావరకు పోతుంది. ఎంకేవీలో రికార్డు చేసే అలవాటు మాత్రం మానొద్దు. మామూలు ఎంపీ4కు సూచిక పట్టిక చివర్లో రాస్తారు, కరెంటు పోతే అది రాకుండానే ఫైలు ఆగిపోయి తెరుచుకోదు. ఎంకేవీ అంతవరకు ఉన్నది దక్కిస్తుంది. ఓబీఎస్ 30.2 నుంచి హైబ్రిడ్ ఎంపీ4 వచ్చింది, అదీ కరెంటు కోతను తట్టుకునేలా చేసినదే.

ఎంకేవీలో స్కేల్‌ను తగ్గించొచ్చు కదా అని మరో పాఠకుడు అడిగారు. తగ్గించొచ్చు. ఎంకేవీ ఫైళ్లు కట్టే టూల్ ఎంకేవీమెర్జ్ 1000 వరకు, అంటే ఒక మైక్రోసెకను వరకు ఒప్పుకుంటుంది. అయితే ఎంకేవీలో ఫ్రేములను క్లస్టర్లుగా కడతారు, క్లస్టర్ మొదలు నుంచి ఫ్రేము దూరాన్ని 16 బిట్లలో రాస్తారు. దాని గరిష్ఠం 32,767. మిల్లీసెకన్లలో అయితే 32 సెకన్ల పైచిలుకు. మైక్రోసెకన్లలో అయితే 32.767 మిల్లీసెకన్లే, 30 ఫ్రేముల వీడియోలో పక్క ఫ్రేముకు కూడా చాలదు. ఫ్రేముకో క్లస్టర్ కట్టాల్సి వస్తుంది. తప్పదనుకుంటే స్కేల్ 1,00,000 పెట్టండి. క్లస్టరుకు మూడు సెకన్ల చోటు మిగులుతుంది.

ప్ర: పెళ్లిలో నాదస్వరం, మంత్రాలు విడిగా రికార్డరులో తీశాం. కెమెరా 25 ఫ్రేములు. ముహూర్తం మొదట్లో చప్పట్లతో కలిపితే సరిపోయింది. గంటన్నర తర్వాత చూస్తే ధ్వని ఆరు ఫ్రేములు వెనకబడింది. ఎంపీ4 వల్లేనా?
— వీడియోగ్రాఫర్, కావలి

జ: ఎంపీ4 తప్పు లేదు. ఆరు ఫ్రేములంటే 240 మిల్లీసెకన్లు. 5,400 సెకన్లలో అంత తేడా అంటే పది లక్షలకు 44 వంతులు. కెమెరాలో ఒక స్ఫటికం, రికార్డరులో ఒక స్ఫటికం, రెండూ సరిగ్గా ఒకే వేగంతో నడవవు. మామూలు పరికరాల్లో ఈపాటి తేడా సహజమే. రికార్డరు సెకనుకు ‘48,000’ శాంపిళ్లు (ధ్వని నమూనాలు) అని రాసుకున్నా అది తీసింది 48,002 కావచ్చు, ఫైలుకు ఆ సంగతి తెలియదు.

ఆడాసిటీ అనే ఆడియో ఎడిటర్‌లో ఆ ధ్వనిని తెరిచి వేగం మార్చే ఎఫెక్టుకు వెళ్లండి. అందులో ఇప్పటి నిడివి, కొత్త నిడివి అని రెండు గళ్లుంటాయి. శాతాలతో కుస్తీ పట్టకుండా, మొదటి గుర్తు నుంచి చివరి గుర్తు దాకా కత్తిరించిన ముక్కకు కొత్త నిడివిగా వీడియోలోని నిడివిని వేయండి. ఈపాటి మార్పుతో నాదస్వరం శ్రుతి మారినట్టు ఎవరి చెవికీ తెలియదు. టైము లేకపోతే కీర్తనకూ కీర్తనకూ మధ్య నిశ్శబ్దంలో కోసి, ఒక్కో ముక్కనూ విడిగా సర్దండి. చప్పట్లు మొదట్లోనే కాదు, చివర్లోనూ కొట్టించాలి. రెండో గుర్తు లేకపోతే కొలిచే దారే ఉండదు.

మిగతావాళ్లకూ పనికొస్తుంది కాబట్టి: మొదటి నుంచి చివరి దాకా ఒకే 20 మిల్లీసెకన్ల చిన్న తేడా ఉంటే, ఏఏసీ అనే ఆడియో కోడెక్ ఎన్‌కోడర్ ముందు చేర్చే 1,024 శాంపిళ్ల ఖాళీని ప్లేయర్ కత్తిరించలేదని అర్థం. గంటకు 3.6 సెకన్లు జారితే 29.97ను 30గా తీసుకున్నారు. నిమిషానికి దాదాపు ఐదు సెకన్లు జారితే 44,100 శాంపిళ్ల ధ్వనిని 48,000గా, లేదా దాన్ని దీనిగా చదువుతున్నారు.

ప్ర: రొయ్యల చెరువు గట్టు మీద కెమెరా పెట్టి, మినీ పీసీలో రీఎన్‌కోడ్ లేకుండా టీఎస్ ఫైల్లోకి ఏకధాటిగా రికార్డు చేస్తున్నాం. రెండో రోజు ఫైలులో ఒక చోట నుంచి బార్ జరపడం కుదరడం లేదు, టైము వెనక్కి దూకుతోంది. కెమెరా పోయిందంటారా?
— ఆక్వా రైతు, ఇందుకూరుపేట మండలం

జ: కెమెరా మార్చకండి. ఆ దూకుడు ఫైలు మొదలైన 26 గంటల 30 నిమిషాల తర్వాత, లేదా అంతకు ముందే ఒకచోట వచ్చి ఉంటుంది. చూసుకోండి. టీఎస్‌లో సెకనును 90,000 భాగాలు చేసి, ఆ లెక్కను 33 బిట్లలో రాస్తారు. 25 ఫ్రేములకు 3,600, 30కి 3,000, 29.97కు 3,003 అని అన్నీ సమంగా వస్తాయి, ఆ అంకె ఎంచుకోవడంలో సౌలభ్యం అదే. కానీ 33 బిట్లు 26 గంటల 30 నిమిషాల 43 సెకన్లకు నిండిపోతాయి. తర్వాత లెక్క మళ్లీ సున్నా నుంచి మొదలు. లెక్క ఎప్పుడూ సున్నాతోనే మొదలవ్వాలని లేదు కాబట్టి కొన్ని ఫైళ్లలో మలుపు ముందే వస్తుంది.

ఎఫ్ఎఫ్ఎంపెగ్‌లో సెగ్మెంట్ పద్ధతి వాడి ముక్కను 3,600 సెకన్లకు పెట్టండి. ప్రతి ముక్కకూ టైమ్‌స్టాంపులు కొత్తగా మొదలయ్యేలా రీసెట్ ఆప్షన్ 1 చేయండి, ఫైలు పేరులో తేదీ, గంట వచ్చేలా చూడండి. 4 మెగాబిట్ల స్ట్రీముకు గంటకు 1.8 జీబీ, రోజుకు 43 జీబీ పైన పడుతుంది. పాతవి తుడిచే ఏర్పాటు కూడా ఉండాలి. టీఎస్‌ను మాత్రం వదలొద్దు. 188 బైట్ల పొట్లాలుగా రాస్తుంది గనుక కరెంటు పోయినా అప్పటిదాకా వచ్చింది దక్కుతుంది.

దొంగతనం జరిగితే స్టేషన్లో చూపాల్సింది తెర మూలన కనిపించే తేదీ, గంట. దానికీ ఫైల్లోని టైమ్‌స్టాంపుకూ సంబంధం లేదు, అది కెమెరా గడియారం. నెట్ నుంచి గడియారాన్ని సరిచేసే ఎన్‌టీపీని ఆన్ చేసి, టైమ్ జోన్ 5:30 పెట్టండి.

ప్ర: క్వారీలో ఫోనుతో తీసిన వీడియోల ‘క్రియేషన్ టైమ్’ అసలు టైము కన్నా ఐదున్నర గంటలు తక్కువ చూపిస్తోంది. ఎవరైనా మార్చారా?
— సూపర్‌వైజర్, చీమకుర్తి

జ: ఎవరూ మార్చలేదు. ఎంపీ4 తలకట్టులో ఆ టైమును 1904 జనవరి 1 నుంచి గడిచిన సెకన్లుగా, మన టైముకు ఐదున్నర గంటలు వెనక ఉండే అంతర్జాతీయ సమయం యూటీసీలో రాస్తారు. ఉదయం 9 గంటలకు తీసిన వీడియోకు 3:30 అని ఉంటుంది. కొన్ని కెమెరాలు నియమం పాటించక స్థానిక సమయాన్నే రాస్తాయి. అందుకే ఫోను వీడియోలూ కెమెరా వీడియోలూ కలిపి టైము వరుసలో పేర్చితే తారుమారవుతాయి. పేర్చే ముందు ఏ పరికరం ఏం రాస్తుందో గోడ గడియారాన్ని ఒక్కసారి తీసి చూసుకోండి. ఇందులో సెకను కన్నా సన్నటి కొలత లేదు.

ప్ర: ఎడ్ల బండలాగుడు పోటీలో గడువు ముగిసిన క్షణానికి బండ గీత దాటిందా లేదా అని తగవు వచ్చింది. వీడియో టైమ్‌స్టాంపులో మైక్రోసెకన్లు కూడా కనిపిస్తున్నాయి కదా, దాన్ని బట్టి తీర్పు చెప్పొచ్చా?
— పోటీల నిర్వాహకుడు, సంతనూతలపాడు

జ: ఆ అంకెలన్నీ నిజమైన కొలత అనుకోవద్దు. 25 ఫ్రేముల వీడియోలో రెండు బొమ్మల మధ్య 40 మిల్లీసెకన్లు ఏం జరిగిందో ఫైలుకు తెలియదు, టైమ్‌స్టాంపు ఎంత సన్నగా రాసినా అంతే. 50 ఫ్రేములతో తీస్తే ఆ చీకటి 20కి, ఫోనులో 240 ఫ్రేముల స్లో మోషన్ వాడితే నాలుగుకు తగ్గుతుంది.

ఫోను వీడియోలో ఫ్రేముల మధ్య దూరం సమానంగా ఉండదు. ఫ్రేములు లెక్కపెట్టి 30తో భాగిస్తే తప్పుతుంది, ఒక్కో ఫ్రేము టైమ్‌స్టాంపునే చదవాలి. ఎంపీవీ ప్లేయర్లో చుక్క మీట నొక్కితే ఒక్కో ఫ్రేమూ ముందుకు జరుగుతుంది. ఎఫ్ఎఫ్ఎంపెగ్‌తో పాటు వచ్చే ఎఫ్ఎఫ్‌ప్రోబ్ అయితే అన్ని ఫ్రేముల టైములనూ జాబితాగా ఇస్తుంది.

విజిల్‌ను ధ్వనిలో విని, గీతను బొమ్మలో చూసి కలపకండి. మైదానం అవతల విజిల్ వేస్తే ఆ శబ్దం 34 మీటర్లకు దాదాపు ఒక పదో వంతు సెకను ఆలస్యంగా మైకుకు చేరుతుంది. విజిల్‌తో పాటే జెండా దించమని చెప్పి, జెండానూ గీతనూ ఒకే కెమెరాలో, ఒకే క్లిప్‌లో పట్టండి. జెండా కదిలిన ఫ్రేముకూ బండ గీత దాటిన ఫ్రేముకూ మధ్య దూరం ఒక్క ఫ్రేము లోపే ఉంటే, వీడియో ఎటూ తేల్చదని ఇరుపక్షాల రైతులకూ పోటీకి ముందే చెప్పి ఒప్పించుకోండి.