కోడలు కండువా కప్పుకోలేదమ్మా

ప్రశ్న: న్యూయార్క్ నగరంలో క్వీన్స్‌లో ఉంటున్న మా కోడలికి అక్కడి పౌరసత్వం వచ్చింది. 2025లో మేయరు ఎన్నికకు జూన్‌లో ఒకసారి, నవంబరులో మరోసారి ఓటు వేసిందట. డెమొక్రటిక్ పార్టీ ఓటరుగా పేరు కూడా రాయించుకుందట. ఉద్యోగం చేసుకునే పిల్లకు రాజకీయాలెందుకని మావారు దిగులు పడుతున్నారు. ఒకే పదవికి రెండుసార్లు ఓటేమిటి?
– ఒక పాఠకురాలు, మారతహళ్ళి, బెంగళూరు

జవాబు: మీవారిని నిశ్చింతగా ఉండమనండి. ఆ అమ్మాయి ఏ పార్టీ కండువా కప్పుకోలేదు. అక్కడ ఓటరుగా నమోదయ్యేటప్పుడే పార్టీ పేరు రాయవచ్చు, రాయకుండా వదిలేయవచ్చు. రాస్తేనే ఆ పార్టీ ప్రైమరీలో, అంటే పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ఎన్నికలో, ఓటు ఉంటుంది.

మన దగ్గర బీ-ఫారం ఎవరికివ్వాలో పార్టీ పెద్దలు తేలుస్తారు. నామినేషన్ల చివరి రోజు దాకా ఆశావహులు నాయకుల గుమ్మాల ముందు పడిగాపులు పడతారు. అక్కడ ఆ టికెట్టు తేల్చేది మీ కోడలి వంటి ఓటర్లు. జూన్ 24న జరిగింది అదే. డెమొక్రాట్లు చాలా ఎక్కువగా ఉన్న నగరం కాబట్టి, తరచుగా అసలు పోటీ జూన్‌లోనే ముగిసిపోతుంది.

ఆమె ఐదుగురి పేర్లకు వరుస సంఖ్యలు ఇచ్చి ఉండవచ్చు, అడగండి. మీవారు ఎప్పుడైనా పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నికలో ఓటు వేసి ఉంటే ఇట్టే అర్థమవుతుంది. మొదటి ప్రాధాన్య ఓట్లతో ఎవరికీ సగానికి మించి రాకపోతే, అట్టడుగున ఉన్నవారిని తొలగిస్తూ వారి ఓట్లను తరువాతి పేరుకు మారుస్తారు. నచ్చిన చిన్న అభ్యర్థికి మొదటి ఓటు వేసినా అది వృథా పోదు. 2021 డెమొక్రటిక్ ప్రైమరీలో ఎరిక్ ఆడమ్స్ చివరి విడతలో నెగ్గింది కేవలం 7,197 ఓట్లతో! 2025 జూన్‌లో మాజీ గవర్నరు ఆండ్రూ క్వోమోను జోహ్రాన్ మమ్‌దానీ చివరి లెక్కలో 56 శాతంతో ఓడించారు. క్వోమో నవంబరులో స్వతంత్రుడిగా మళ్ళీ నిలబడ్డారు, మళ్ళీ ఓడారు. నవంబరు ఓటుకు ఈ ప్రాధాన్య క్రమం లేదు, ఒక్కరినే ఎంచుకోవాలి. 20 లక్షల మందికి పైగా ఓటు వేశారు.

మీ ఉత్తరం చదువుతుంటే నా మనసు మన బెంగళూరు మీదికే పోయింది. 2015 ఆగస్టులో మా వీధి చివర బడిలో వరుసలో నిలబడి కార్పొరేటరుకు ఓటు వేశాను. మేయరును ఎన్నుకునే హక్కు అప్పుడూ నాకు లేదు, కార్పొరేటర్లు, నగర ఎమ్మెల్యేలు, ఎంపీలు కలిసి ఏడాదికొకరిని ఎన్నుకునేవారు. 2020 సెప్టెంబరులో ఆ పాలకవర్గం గడువు తీరింది. 2025 సెప్టెంబరులో నగరాన్ని ఐదు కార్పొరేషన్లుగా విడదీసే నాటికీ మళ్ళీ ఎన్నిక జరగలేదు. ఆ ఐదేళ్ళూ వానకు మా వీధి కాలువ పొంగితే వెళ్ళి తలుపు తట్టడానికి మేము గెలిపించిన మనిషి లేడు. ఓటు రెండుసార్లు వేయవలసి రావడం భారమని నేను అనుకోలేను తల్లీ.

మీ కోడలికి ఒక్క మాట చెప్పండి. పార్టీ మార్చుకోవాలంటే ప్రైమరీకి చాలా ముందే మార్చుకోవాలి. 2025 ప్రైమరీకి ఫిబ్రవరి 14తోనే గడువు ముగిసింది. ఆమె ఎవరెవరి పేర్లు ఏ వరుసలో రాసిందో, ఎందుకో చెప్పడానికి ఇష్టపడితే నాకూ రాయండి.